ఫైర్ స్టేషన్ బాధ్యత కొత్తగా మీద పడినవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప పాత ఉమ్మడి జిల్లాల్లో కొత్తగా స్టేషన్ ఫైర్ ఆఫీసర్లయినవాళ్ళు, లీడింగ్ ఫైర్‌మన్‌గా ఉండి ఇన్‌ఛార్జి చూస్తున్నవాళ్ళు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే. మనుషులు మారతారు, డౌట్లు మారవు. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను. ఏది కావాలంటే అది చదువుకోండి, వరస అక్కర్లేదు. ఇది శాఖ సర్క్యులర్ కాదు. ఇందులోని మాటకూ ఆర్డరుకూ తేడా వస్తే ఆర్డరే చెల్లుతుంది.

## ఛార్జి తీసుకున్న కొత్తలో

స్టేషన్‌లో నాకంటే ఇరవై ఏళ్ళు సీనియర్లు ఉన్నారు. నా మాట వింటారా?

వాళ్ళ దగ్గర మీరు నేర్చుకోవాల్సింది ఉందని ముందు ఒప్పుకుంటే వింటారు. మొదటి వారంలోనే పాత డ్రైవర్ ఆపరేటర్‌ని వెంటబెట్టుకుని ఊరంతా తిరగండి. కడప వైవీ స్ట్రీట్‌లో సాయంత్రం పూట బండి ఎక్కడిదాకా పోతుంది, అనంతపురం పాతూరులో ఏ సందులోకి రివర్స్‌లోనే వెళ్ళాలి, కర్నూలు పాతబస్తీలో నిచ్చెన లేపితే కరెంటు తీగలు ఎక్కడ తగులుతాయి, ఇవన్నీ ఆయనకు తెలుసు. ఏ పుస్తకంలోనూ ఉండవు. స్టేషన్‌లో "అన్నా" అని పిలిస్తే మీకు పోయేదేమీ లేదు. స్పాట్‌లో మాత్రం ఒక్కరి మాటే నడవాలి, అది ఇన్‌ఛార్జిది. ఈ మాట గొడవేమీ లేని రోజున, పరేడ్‌లో అందరి ముందూ చెప్పేయండి. మంట ముందు నిలబడి మొదటిసారి చెబితే అది ఆర్డరులా కాదు, అరుపులా వినిపిస్తుంది.

ఇంకో సంగతి. మనవాళ్ళకు ఆఫీసరు మీద కోపం వచ్చేది మంట దగ్గర కాదు, పండగ సెలవుల దగ్గర. సంక్రాంతికి ఎవరు వెళ్ళారు, రంజాన్‌కు ఎవరు, క్రిస్మస్‌కు ఎవరు అని రాసి అందరికీ కనబడేలా గోడకు తగిలించండి. సగం గొణుగుడు అక్కడే ఆగిపోతుంది.

ఛార్జి లిస్టు మీద సంతకం పెట్టేముందు ఏం చూడాలి?

లిస్టులో ఉన్నది ఉందా అని మాత్రమే కాదు, పనిచేస్తోందా అని చూడాలి. డెలివరీ హోసులు ఇరవై అని రాసి ఉంటే ఇరవయ్యీ నేల మీద పరిచి, పంపు ఆన్ చేసి ప్రెషర్ ఎక్కించండి. కప్లింగు దగ్గర కారడం, మడత పడినచోట ఉబ్బడం, ఎలుక కొరికిన చిల్లు అప్పుడే బయటపడతాయి. సక్షన్ హోసు నీళ్ళలో వేసి పంపు ఎంతసేపటికి నీళ్ళు పట్టుకుంటుందో గడియారం చూసి రాసుకోండి. గాలి లీకున్న పంపు స్టేషన్ ఆవరణలో మూడోసారికైనా పట్టుకుంటుంది, చెరువు గట్టున పట్టుకోదు. బీఏ సెట్ (పొగలో ఊపిరి కోసం వీపున మోసే గాలి సిలిండరు, మాస్కు) మాస్కు మీరే మొహానికి పెట్టుకుని గాలి పీల్చి చూడండి. సిలిండరు హైడ్రో టెస్టు (నీళ్ళ ఒత్తిడితో చేసే గట్టిదనం పరీక్ష) తేదీ దాటిపోయిందేమో చూడండి.

"అడ్జస్ట్ చేసుకుందాం లెండి సార్" అని ఇచ్చేవాళ్ళు అంటారు. మర్యాదగా నవ్వి, పనిచేయనిది పనిచేయనట్టే రాసి, కాపీ జిల్లా అగ్నిమాపక అధికారి ఆఫీసుకు పంపండి. రేపు ఎంక్వయిరీ వస్తే అడిగేది సంతకం ఎవరిదనే.

మునిసిపాలిటీ వాళ్ళు ఒకటి చెబుతారు, కలెక్టరాఫీసు వాళ్ళు ఒకటి చెబుతారు. అసలు నేను ఎవరి కింద?

రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో అగ్నిమాపక సేవలు పట్టణ సంస్థల పనుల జాబితాలో ఉన్నాయి. అందుకే ముంబయి లాంటి చోట్ల ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్‌ది. మన దగ్గర అలా కాదు. ఇది హోం శాఖ కింద నడిచే రాష్ట్ర విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీస్ చట్టం మనకు ఆధారం. మీ పైన సహాయ జిల్లా అధికారి, ఆపైన జిల్లా అధికారి, ప్రాంతీయ అధికారి ఉంటారు. అయితే 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే చైర్‌పర్సన్ కాబట్టి, వరద లాంటిది వచ్చినప్పుడు కలెక్టర్ మాట వినాల్సిందే. మునిసిపల్ కమిషనర్ మీ బాస్ కాకపోయినా నీళ్ళ ట్యాంకరు, జేసీబీ, రోడ్డు మీద ఆక్రమణలు ఆయన చేతిలోనే ఉంటాయి. వచ్చిన వారంలోనే వెళ్ళి కలిసి రండి.

ఇంజినీరింగ్ చదవలేదు, నాగపూర్ కోర్సు చేయలేదు. ఈ ఉద్యోగం చేయగలనా?

చేయగలరు. నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాల దేశంలో ఈ విద్యకు పెద్ద బడి, అవకాశం వస్తే వదలకండి. అంతవరకు జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగో భాగం, మంటలార్పే సిలిండర్ల మీద ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 2190 దగ్గర పెట్టుకుని చదవండి. వీటిలో ఏముందో తెలియకుండా తనిఖీకి వెళితే అపార్ట్‌మెంట్ బిల్డరే మీకు పాఠం చెబుతాడు.

## కాల్ రాకముందు

వేసవిలో మాకు తాగడానికే నీళ్ళుండవు. ఇంజన్ ఎక్కడ నింపుకోవాలి?

రాయలసీమలో ఫైర్ ఆఫీసరుకు అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఇదే. లెక్క చూడండి. మామూలు వాటర్ టెండర్‌లో, అంటే నీళ్ళ ట్యాంకున్న ఫైర్ ఇంజన్‌లో, 4,500 లీటర్లు పడతాయి. ఒక్క బ్రాంచితో (హోసు చివర నీళ్ళు చిమ్మే గొట్టం) నిమిషానికి 450 లీటర్లు వదిలినా పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. రెండు బ్రాంచీలు పెడితే అయిదు నిమిషాలు. ఆ తర్వాత ఏంటన్నది మంట దగ్గర ఆలోచించే విషయం కాదు.

ఫిబ్రవరిలోనే ఒక నీళ్ళ మ్యాప్ తయారుచేయండి. ప్రతి మండలంలో తాగునీటి సమ్మర్ స్టోరేజీ ట్యాంకు ఎక్కడుంది, గేటు తాళం ఎవరి దగ్గరుంది, రాత్రి ఫోన్ ఎత్తుతాడా. కేసీ కాలువలో, తుంగభద్ర హెచ్చెల్సీ (ఎగువ కాలువ)లో నీళ్ళు ఏ తేదీ వరకు ఉంటాయి. సిమెంట్ ఫ్యాక్టరీ, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల సంపుల్లోంచి తీసుకోవడానికి ముందే ఒప్పుకున్నారా. రైతుల బోర్లు చాలామంది రాసుకుంటారు గానీ ఒకటి మరిచిపోతారు. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు ఇచ్చే గంటల్లోనే ఆ బోరు ఆడుతుంది. రాత్రి పదికి గడ్డివాము అంటుకుంటే బోరు పక్కనే ఉన్నా చుక్క రాదు. కాబట్టి ప్రతి బోరు పక్కన కరెంటు వేళలు కూడా రాయండి, మారినప్పుడల్లా లైన్‌మన్‌ని అడిగి దిద్దుకోండి.

బావులతో ఇంకో చిక్కు. మన పంపు నీళ్ళను లాగదు, గాలి ఒత్తిడి వాటిని పైకి తోస్తుంది. లెక్క ప్రకారం పది మీటర్ల పైచిలుకు అని ఉన్నా, పాత పంపులతో ఏడు మీటర్ల దగ్గరే ఆశ వదులుకోవాలి. అనంతపురం వైపు బావుల్లో వేసవిలో నీళ్ళు అంతకంటే చాలా లోతుకు పోతాయి. అలాంటి బావిని మ్యాప్‌లో కొట్టేయండి, లేదా పక్కన "సబ్‌మెర్సిబుల్ పంపు ఉంటేనే" అని రాయండి.

రోజూ డ్రిల్ పెడితే విసుక్కుంటున్నారు. అన్నీ తెలిసినవాళ్ళకు ఎందుకని?

రోజూ ఒకటే డ్రిల్ పెడితే ఎవరైనా విసుక్కుంటారు. వారంలో ఒక రోజు కళ్ళకు గుడ్డ కట్టి హోసు పట్టుకుని బయటికి రమ్మనండి. ఒక రోజు డ్రైవర్ చేత బ్రాంచి పట్టించండి, ఫైర్‌మన్ చేత పంపు నడిపించండి. ఒక రోజు హఠాత్తుగా "లీడింగ్ ఫైర్‌మన్ పడిపోయాడు, ఇప్పుడు ఇన్‌ఛార్జి నువ్వు" అని అందరికంటే జూనియర్‌కి అప్పగించండి. ఆ పది నిమిషాల్లో మీ స్టేషన్ బలమేంటో బలహీనత ఏంటో తెలిసిపోతుంది.

44 డిగ్రీల ఎండ. ఫైర్ సూట్ వేసుకోమంటే వేసుకోవట్లేదు. ఏం చేయను?

వాళ్ళ బాధ నిజం. ఆ సూట్ బయటి వేడిని ఆపినట్టే ఒంటి వేడిని కూడా లోపలే ఆపేస్తుంది. గడ్డివాము కాల్‌కు ఫుల్ సూట్ అక్కర్లేదు. హెల్మెట్, బూట్లు, గ్లౌజులు, ఒళ్ళంతా కప్పే కాటన్ యూనిఫాం చాలు. ఇల్లు, గోదాము, ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళేవాళ్ళకు మాత్రం సూట్ తప్పదు, ఇందులో బేరం లేదు. అలా లోపలికి వెళ్ళినవాళ్ళను ఒక సిలిండరు అయిపోగానే బయటికి పిలిచి, సూట్ విప్పించి, నీడలో కూర్చోబెట్టి మజ్జిగో ఓఆర్ఎస్సో ఇచ్చి, కోలుకున్నాకే మళ్ళీ పంపండి. చల్లగా ఉంటుందని కొందరు బనియన్ తడుపుకుని లోపల వేసుకుంటారు. అది మాన్పించండి. లోపలి తడి ఆవిరై చర్మం ఉడికిపోతుంది.

బీఏ సెట్ సిలిండరు 45 నిమిషాలు వస్తుందని రాసి ఉంది. అంతసేపు లోపల ఉండొచ్చా?

ఉండకూడదు. 6.8 లీటర్ల సిలిండరును 300 బార్లకు నింపితే లోపల సుమారు 2,000 లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే 50 నిమిషాలు. కానీ మెట్లెక్కి, హోసు లాగి, భయంతో గుండె కొట్టుకుంటున్న మనిషి అంతకు రెండింతలు పీలుస్తాడు. అప్పుడు పాతిక నిమిషాలే. గాలి అయిపోవస్తోందని సెట్ విజిల్ కొట్టాక బయల్దేరడం కాదు, విజిల్ కొట్టే సమయానికి బయట ఉండాలి. గుమ్మం దగ్గర ఒక మనిషిని పలకతో నిలబెట్టి ఎవరు, ఎంత ప్రెషర్‌తో, ఎన్నింటికి లోపలికి వెళ్ళారో రాయించండి. సిబ్బంది తక్కువని మొదట కోత పెట్టేది ఈ మనిషికే. ఆ కోత పెట్టకండి.

నా పరిధిలో ముందుగా ఏయే చోట్లు చూసి రావాలి?

జనం ఎక్కువుండి దారులు తక్కువున్నవి మొదట. ఫంక్షన్ హాళ్ళు, ప్రైవేటు ఆసుపత్రులు, జూనియర్ కాలేజీ హాస్టళ్ళు. కాలేజీ హాస్టల్‌లో కిటికీలకు ఇనుప గ్రిల్లు, రాత్రి బయట తాళం. ఆ తాళం చెవి ఎక్కడుంటుందో రాసుకోండి, రెండో దారి తీయించండి. తర్వాత ఆదోని పత్తి మిల్లులు, ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, రాయలసీమ థర్మల్ కేంద్రం, కోల్డ్ స్టోరేజీలు. పెద్ద ఫ్యాక్టరీల్లో సొంత ఫైర్ టీములుంటాయి. వాళ్ళ కప్లింగులు మన హోసుకు పడతాయా లేదా అని ఆ రోజే తగిలించి చూడండి.

క్వారీలు వేరే లెక్క. 2018లో కర్నూలు జిల్లా హత్తిబెళగల్‌లో, 2021 మే 8న కడప జిల్లా మామిళ్ళపల్లెలో పేలుళ్ళకు మనుషులు ముక్కలయ్యారు. మామిళ్ళపల్లెలో పేలింది జిలెటిన్ స్టిక్స్ దించుతుండగానే. పేలుడు సామగ్రి ఎక్కడ నిల్వ ఉందో ముందే తెలుసుకోండి. అక్కడ మంట లేచి పేలుడు సరుకుకు చేరిందంటే ఆర్పే ప్రయత్నం వద్దు. జనాన్ని, మీవాళ్ళను దూరం తీసుకుపోవడమే పని.

భవనానికి ఎన్‌ఓసీ (మన శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) కోసం లోకల్ లీడర్ ఫోన్ చేస్తున్నాడు. ఎలా తప్పించుకోవాలి?

తప్పించుకోవద్దు, కాగితం మీదికి తేండి. చట్టం గీత గీసే ఉంచింది. నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్లు లేదా అంతకు మించితే ఎన్‌ఓసీ కావాలి. జనం గుమిగూడే భవనమైతే 500 చదరపు మీటర్ల స్థలం లేదా 6 మీటర్ల ఎత్తు చాలు. తనిఖీలో చూసిన లోపాలను ఫొటోలతో సహా రాసి, ఒక కాపీ యజమానికి ఇచ్చి సంతకం తీసుకోండి. ఫోన్ వస్తే, "సార్, ఈ నాలుగూ సరిచేయిస్తే రేపే నేనే పైకి పంపిస్తా" అనండి. అది కాదన్న మాట కాదు కాబట్టి ఆయనకూ చిన్నతనం ఉండదు. యజమాని ఇంట్లో భోజనం మాత్రం చేయకండి. మన సీమలో భోజనం పెట్టినవాడికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో మీకు తెలుసు.

దీపావళి టపాసుల షాపులకు ఏం చూడాలి?

2008 పేలుడు పదార్థాల నియమాల ప్రకారం తాత్కాలిక షెడ్డు మండని సామగ్రితో కట్టాలి. షెడ్డుకూ షెడ్డుకూ కనీసం 3 మీటర్లు, జనావాసాల నుంచి 50 మీటర్ల దూరం ఉండాలి. షాపులు ఎదురెదురుగా ఉండకూడదు. ఒకచోట 50కి మించకూడదు. షెడ్డులో నూనె దీపాలు, గ్యాసు దీపాలు పనికిరావు. పొద్దున తనిఖీలో అంతా బాగానే ఉంటుంది, సాయంత్రానికి మధ్యలో ఖాళీ జాగాలోకి అట్టపెట్టెలు వచ్చేస్తాయి. కాబట్టి తనిఖీకి సాయంత్రం ఏడింటికి వెళ్ళండి.

జాతరలకు, ఉత్సవాలకు స్టాండ్‌బై అడుగుతారు. బండి ఎక్కడ పెట్టాలి?

వీఐపీ పార్కింగ్‌లో కాదు. బయటికి వెళ్ళే దారి వైపు ముక్కు పెట్టి, జనం చుట్టుముట్టలేని చోట. దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవంలో కాగడాలు, కర్రలు, వేలమంది. అక్కడ బండి గుంపు మధ్యలో ఇరుక్కుంటే ఉన్నా లేనట్టే. శ్రీశైలం శివరాత్రికైతే అడవి దారిలో నడిచివెళ్ళేవాళ్ళ వంట పొయ్యిల సంగతి అటవీ శాఖతో ముందే మాట్లాడుకోండి. మీరు స్టాండ్‌బైలో ఉన్నప్పుడు మీ సొంత ఊరికి కాల్ వస్తే ఏ స్టేషన్ వెళ్ళాలో కూడా ముందే రాసుకోండి.

## కాల్ వచ్చాక

ఫేక్ కాల్స్ ఎక్కువ. కన్ఫర్మ్ చేసుకుని బయల్దేరితే తప్పేంటి?

తప్పే. బండి కదిలాక కన్ఫర్మ్ చేసుకోండి. పట్టణంలో 5 నుంచి 7 నిమిషాలు, పల్లెల్లో 20 నిమిషాల్లో చేరాలన్నది కేంద్రం పెట్టిన అగ్నిమాపక స్థాయీ సలహా మండలి సూచన. మన మండలాల విస్తీర్ణానికి ఇరవై నిమిషాలే కష్టం, అందులో మూడు నిమిషాలు ఫోన్‌లో పోగొట్టుకోలేం. వాచ్‌రూమ్‌లో కూర్చున్నవాడు 101కి వచ్చిన కాల్‌లో నాలుగే అడగాలి. ఎక్కడ, ఏం కాలుతోంది, లోపల ఎవరైనా ఉన్నారా, ఏ గుర్తు చూసి తిరగాలి. మిగతావి దారిలో మీరు అడగొచ్చు.

స్పాట్‌కు వెళ్ళగానే నాకే హోసు పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకోవచ్చా?

అందరికీ అనిపిస్తుంది. ఫైర్‌మన్‌గా ఎదిగినవాడికి మరీ. కానీ మీరు బ్రాంచి పట్టుకున్న క్షణం నుంచి మంట వెనక వైపు ఏం జరుగుతోందో చూసేవాడు ఉండడు. దిగగానే బిల్డింగ్ చుట్టూ ఒక రౌండు నడవండి, లేదా ఎవరినైనా పరిగెత్తించండి. మనుషులున్నారా, మంట ఎటు పోతోంది, కరెంటు తీశారా, గ్యాసు సిలిండర్లు ఎక్కడ, గోడ పగుళ్ళు. ఇవి చూశాకే, లోపలికి వెళ్ళాలా బయటినుంచే కొట్టాలా అన్నది తేల్చండి. ఎవరూ లేని గోదాములోకి, పైకప్పు ఊగుతుంటే, సరుకు కోసం మనిషిని పంపకండి. యజమాని ఏడ్చినా సరే. అదనపు బండి కావాలంటే అప్పుడే అడగండి. పెద్దది కాలేదంటే వెనక్కి పంపొచ్చు.

పత్తి బేళ్ళకు అంటుకుంటే రెండు రోజులైనా ఆరట్లేదు. ఏం చేయాలి?

పత్తి పైన ఆరినట్టు నటిస్తుంది. మంట బేలు లోపలికి దూరి సొరంగంలా పాకుతూ పోతుంది, నీళ్ళు పైనుంచి జారిపోతాయి. నీళ్ళలో కొంచెం ఫోమ్ కలిపితే లోపలికి ఇంకుతాయి, కానీ అసలు మందు జేసీబీ. అంటుకున్న బేలును గుట్టలోంచి లాగి, ఖాళీ జాగాలో వేసి, కట్లు కోసి, విప్పి తడపాలి. కట్టు తెగగానే గాలి తగిలి గుప్పున లేస్తుంది, కాబట్టి కట్లు కోసేవాడి పక్కన బ్రాంచి సిద్ధంగా ఉండాలి. తడిసిన బేళ్ళు ఉబ్బి, బరువెక్కి గోడను తోస్తాయి, గుట్ట ఒరుగుతుంది. రెండో రోజున, మంటేమీ కనబడనప్పుడు కూడా గోడ పక్కన ఎవరినీ నిలబడనివ్వకండి.

కారణం చాలాసార్లు చిన్నదే. పత్తిలో వచ్చిన రాయో ఇనుప ముక్కో జిన్నింగ్ మెషిన్‌లో (పత్తి నుంచి గింజలు వేరుచేసేది) పడి నిప్పురవ్వ లేస్తుంది, అది పత్తిలో కలిసి గోదాముకు చేరి గంటల తర్వాత పైకి వస్తుంది. మిల్లు తనిఖీలో మెషిన్ ముందు అయస్కాంతం, రాళ్ళు ఏరే ఏర్పాటు ఉందా అని తప్పక చూడండి.

గడ్డివాముల కాల్స్‌తో విసిగిపోయాం. అవి ఎలాగూ కాలిపోతాయి కదా?

కాలుతున్న వామును కాపాడలేరు, నిజమే. పక్క వామును, కొట్టాన్ని, పశువులను కాపాడతారు. ముందు గాలి వాటం చూసి, కాలుతున్నదానికీ పక్కదానికీ మధ్య నీళ్ళు పెట్టండి. బుడ్డల (వేరుశనగ) కట్టె, వరిగడ్డి ఉన్న రైతుకు ఏడాది పశుగ్రాసం అదే. మీకు అది చిన్న కాల్, అతనికి ఎద్దులు అమ్ముకోవాల్సిన పరిస్థితి. ఆలస్యంగా వెళ్ళి రిపోర్టులో "పూర్తిగా దగ్ధం" అని రాసి రావడం సులువు. వాముకూ వాముకూ దూరం పెట్టమని, పైన కరెంటు తీగ లేనిచోట వేయమని ఆ ఊళ్ళో అప్పటికప్పుడే చెప్పండి. ఆ రోజు వింటారు, ఇంకో రోజు వినరు.

హైవే మీద స్లీపర్ బస్సు అంటుకుంటే మేం చేరేలోపే అయిపోతోంది. మా చేతిలో ఏముంది?

2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర 45 మంది, 2025 అక్టోబర్ 24న కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర 19 మంది ప్రయాణికులు, బైకు మనిషి కాలిపోయారు. రెండూ హైదరాబాద్–బెంగళూరు దారిలోనే, రెండూ జనం నిద్రలో ఉన్న వేళలోనే. అలాంటి బస్సు నిమిషాల్లో అయిపోతుంది. స్టేషన్ నుంచి బయల్దేరిన బండి వాళ్ళను కాపాడుతుందని చెప్పలేను. కాబట్టి పని ముందే ఉంది. టోల్ ప్లాజా సిబ్బంది, హైవే పెట్రోలింగ్ వాళ్ళు, దాబాల వాళ్ళు, పెట్రోల్ బంకుల వాళ్ళను కూర్చోబెట్టి అద్దం ఎలా పగలగొట్టాలో, వెనక ఎమర్జెన్సీ డోర్ బయటినుంచి ఎలా తెరవాలో చేయించి చూపండి. వాళ్ళ దగ్గర సుత్తి, గడ్డపార ఉండేలా చూడండి. బస్సు డ్రైవర్లకు రవాణా శాఖతో కలిసి చెప్పండి.

స్పాట్‌కు వెళ్ళాక రెండు వైపులా ట్రాఫిక్ ఆపించి, మీవాళ్ళకు అడ్డుగా ఉండేలా బండిని ఏటవాలుగా నిలపండి. మంట ఆరాక తొందరపడి లోపలివి కదపకండి. ఆ రెండుసార్లూ మృతులను డీఎన్‌ఏ పరీక్షతోనే గుర్తుపట్టారు. ఏ బెర్తు దగ్గర ఎవరు దొరికారన్నది బూడిదలో కలిసిపోతే, ఆ ఇంటివాళ్ళకు ఎవరు జవాబు చెప్పాలి?

బావిలో పూడిక తీయడానికి దిగినవాడు పడిపోయాడంటే ఎలా వెళ్ళాలి?

ముందు అక్కడ ఫోన్ చేసినవాడితో, "ఇంకెవరూ దిగొద్దు" అని చెప్పించండి. ఈ కాల్స్‌లో ఒక మనిషి పోయేచోట ముగ్గురు పోతారు. తమ్ముడు అన్న కోసం, కొడుకు తండ్రి కోసం దిగుతారు. లోపల ఆక్సిజన్ లేకపోవచ్చు, బొగ్గుపులుసు వాయువు అడుగున పేరుకుని ఉండొచ్చు, డీజిల్ ఇంజన్ నడిపి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దీపం దించి చూస్తే చాలని ఊరివాళ్ళు అంటారు. ఆక్సిజన్ తక్కువైతే దీపం ఆరుతుంది, కానీ మోనాక్సైడ్ ఉంటే ఆరదు, మండే వాయువుంటే పేలుతుంది. బ్లోయర్‌తో గాలి పంపుతూ, బీఏ సెట్, లైఫ్‌లైన్ (నడుముకు కట్టే తాడు)తో ఒక్కరినే దించండి. పైన అంతే సిద్ధంగా ఇంకొకరు ఉండాలి.

సోలార్ ప్యానెళ్ళు, ఎలక్ట్రిక్ స్కూటర్లు. వీటికి నీళ్ళు కొట్టొచ్చా?

పగటిపూట వెలుతురున్నంతసేపు ప్యానెల్‌లో డీసీ కరెంటు పుడుతూనే ఉంటుంది, మెయిన్ ఆపినా సరే. ఓర్వకల్లు వైపు సోలార్ పార్కు సిబ్బందితో ముందే మాట్లాడి ఏ గదిలో ఏది ఆపాలో తెలుసుకోండి. పగిలిన ప్యానెల్‌ను, తెగిన తీగను తాకనివ్వకండి. నీళ్ళు వాడాల్సివస్తే దూరంనుంచి స్ప్రేగానే.

లిథియం బ్యాటరీకి చాలా నీళ్ళు కావాలి, ఎందుకంటే ఆర్పడం కన్నా చల్లార్చడమే అక్కడ పని. పొగ విషం, బీఏ సెట్ లేకుండా దగ్గరికి వద్దు. ఆరిన స్కూటర్‌ను షెడ్డులో పెట్టకండి, గంటల తర్వాత మళ్ళీ అంటుకుంటుంది.

కరువు జిల్లాలో వరద ట్రైనింగ్ ఎందుకు?

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచాయి. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్ళు కొట్టుకుపోయాయి. పడవలు ఏటా ఒకసారైనా నీళ్ళలో దించి ఇంజన్ స్టార్ట్ చేయండి. ఫైర్ బూట్లతో ఎవరినీ నీళ్ళలోకి పంపకండి, నీళ్ళు నిండి కిందికి లాగుతాయి.

ఆలస్యంగా వచ్చారని జనం మీదికి వస్తున్నారు. ఏం చెప్పాలి?

ఏమీ చెప్పకండి, నీళ్ళు వదలండి. నీళ్ళు పడటం చూస్తే సగం కోపం దిగుతుంది. ఒక మనిషిని ఊరి పెద్దమనిషి దగ్గరికి పంపి "ఈ తాడు ఇవతలికి ఎవరూ రాకుండా చూడన్నా" అని ఆయనకే పని అప్పగించండి.

## మంట ఆరాక

ఆరిపోయింది. వెంటనే వచ్చేయొచ్చా?

నిప్పు లేదని చేతి వెనక వైపుతో గోడలు, దూలాలు తాకి చూశాకే. మళ్ళీ అంటుకుంటే పడే మాట మొదటి కాల్‌కంటే పెద్దది. స్టేషన్‌కు రాగానే ట్యాంకు నింపి, హోసులు కడిగి ఆరేయించి, సిలిండర్లు మార్చాకే భోజనం.

కారణం తెలియనప్పుడు షార్ట్ సర్క్యూట్ అని రాసేయొచ్చా?

మన రిపోర్టుల్లో తప్పు తేలకుండానే శిక్ష పడేది కరెంటుకే. తీగ చివర కరిగిన పూస, ఎగిరిన ఫ్యూజు, మొదట మండిన చోటు, చూసినవాళ్ళ మాట, ఇవి కలిస్తేనే రాయండి. లేకపోతే "కారణం తేలలేదు" అని రాయడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. కరెంటు ఆఫీసు వాళ్ళు ఒప్పుకోకపోతే బాధితుడికి పరిహారం ఆగిపోయేది మీ తప్పు మాటవల్లే.

నష్టం ఎక్కువ రాయమని బతిమాలుతున్నారు. పాపం అనిపిస్తుంది.

చూసినంత రాయండి. "యజమాని చెప్పిన ప్రకారం ఇంత" అని వేరే వరుసలో అతని అంచనా కూడా రాయొచ్చు, అది అబద్ధం కాదు. ఇన్సూరెన్సు వాళ్ళు సొంతంగా సర్వేయరును పంపుతారు. మీ అంకె వాళ్ళ అంకెకు నాలుగింతలుంటే మొత్తం క్లెయిమే అనుమానంలో పడుతుంది.

పెద్ద ప్రమాదం చూసొచ్చాక మా కుర్రాడు నిద్రపోవట్లేదు. మాట్లాడట్లేదు.

"మగాడివి కాదా" అనే మాట మీ స్టేషన్‌లో ఎవరి నోటా రానివ్వకండి. వచ్చిన రాత్రే అందర్నీ కూర్చోబెట్టి, తప్పులు వెతక్కుండా, ఎవరు ఏం చూశారో చెప్పనివ్వండి. టీ ఉంటే చాలు. రెండు మూడు వారాలైనా నిద్ర లేకపోతే, మందు ఎక్కువైతే, ఇంట్లో అరుస్తుంటే డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్ళండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు ఖర్చు లేదు. అతని పేరు పుకారు కాకుండా చూడటం ఆఫీసరు పనే. టెన్షన్ మీకూ ఉంటుంది, ఆ నంబరు మీకు కూడా.

## స్టేషన్‌ను కొత్త కాలానికి తేవాలంటే

కొత్త బండి, సామాన్లు కావాలని ఎన్నిసార్లు రాసినా రావట్లేదు. ఎలా రాయాలి?

"దయచేసి మంజూరు చేయగలరు" అన్న ఉత్తరం ఫైల్లోకి పోతుంది. "గత వేసవిలో ఫలానా మండలానికి వెళ్ళిన కాల్స్ ఇన్ని, చేరడానికి పట్టిన సమయం ఇంత, నీళ్ళు అయిపోయి వెనక్కి వచ్చినవి ఇన్ని" అన్న ఉత్తరం మీటింగ్‌కు పోతుంది. కేంద్రం 2023 జూలైలో అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు 5,000 కోట్లతో పథకం మొదలుపెట్టింది, మనలాంటి రాష్ట్రాలు 25 శాతం కలపాలి. అలాంటి డబ్బు వచ్చినప్పుడు పైవాళ్ళు వెతికేది అంకెలున్న ఉత్తరాన్నే. లాగ్‌బుక్ టైములు నిజం రాయమని మనవాళ్ళను పోరేది అందుకే. అన్ని కాల్స్‌కూ పది నిమిషాల్లో చేరినట్టు అందంగా రాసుకుంటే, కొత్త స్టేషన్ ఎందుకని వాళ్ళే అడుగుతారు.

ఇంకొకటి, మోజు. తొంభై మీటర్ల నిచ్చెన బండి ఫొటోలు చూసి అడగకండి. మన ఊళ్ళకు ముందు కావాల్సింది పెద్ద వాటర్ బౌజరు (నీళ్ళు మోసే ట్యాంకరు), సందుల్లో దూరే మిస్ట్ జీపు (నీళ్ళను సన్నటి తుంపరగా చిమ్మే చిన్న బండి), పోర్టబుల్ పంపు.

ఏప్రిల్ వారోత్సవాల్లో డెమోలు మొక్కుబడిగా అయిపోతున్నాయి. ఏం మార్చాలి?

ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిపే ఈ వారం 1944లో బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయినదానికి గుర్తు. ఆ ఓడలో పత్తి బేళ్ళు, పేలుడు సామగ్రి కలిపి ఎక్కించారు. ఆదోనిలో ఈ సంగతి చెబితే మిల్లు కూలీలు చెవులు రిక్కిస్తారు.

స్కూల్ గ్రౌండులో ట్రేలో పెట్రోలు పోసి వెలిగించి ఆర్పితే పిల్లలు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. దానికి బదులు పొదుపు సంఘాల మీటింగ్‌కు వెళ్ళి ఆడవాళ్ళ చేతికే తడి గోనెసంచి ఇవ్వండి. సిలిండరు మూతి దగ్గర మంట వస్తుంటే రెగ్యులేటర్ ఎలా కట్టేయాలో వాళ్ళ చేతే చేయించండి. గ్యాసు వాసనొస్తే లైటు స్విచ్ వేయకూడదు, ఆపకూడదు కూడా. తలుపులు తీసి బయటికొచ్చి గ్యాసు ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ చేయాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేల మీదే పాకుతుంది కాబట్టి పై కిటికీ ఒక్కటే తీస్తే పోదు, తలుపు తీయాలి. ఇరవై మంది చేత చేయించడానికి గంటన్నర పడుతుంది. అందుకని వారోత్సవాలకు ఊరికొక డెమో కాకుండా, వారమంతా రెండు మూడు ఊళ్ళే పెట్టుకోండి.